రాష్ట్ర వయోవృద్ధుల సలహా మండలి: వినతిపత్రంలో ఏమి అడగాలి?

తెలంగాణలో దేవరకొండ ప్రాంతంలోని ఒక వయోవృద్ధుల సంఘం కార్యదర్శి గారు అడిగిన విషయం ఇది. వృద్ధుల అవసరాలపై ప్రభుత్వానికి సలహా ఇచ్చే మండలిని రాష్ట్ర స్థాయిలో ఏర్పాటు చేయాలని కోరుతూ వారు వినతిపత్రం రాస్తున్నారు. దానికి శాసనసభ చట్టం చేయాలా, జీవో సరిపోతుందా, సభ్యులుగా ఎవరిని ప్రతిపాదించాలి, ఏ అధికారాలు కోరాలి అన్నవి వారి సందేహాలు. రెవెన్యూ శాఖలో నా ఉద్యోగం చివరి ఏళ్లన్నీ ఆర్డీవో కార్యాలయంలో తల్లిదండ్రుల పోషణ ట్రిబ్యునల్ ఫైళ్లతోనే గడిచాయి. పదవీ విరమణ తరువాత అటువంటి ట్రిబ్యునల్‌కే కొంతకాలం సయోధ్య అధికారిగా, అంటే ఇరుపక్షాల మధ్య రాజీ కుదిర్చే మనిషిగా, పనిచేశాను. ఆ అనుభవంతో రాస్తున్నాను కనుక కొన్నిచోట్ల నా అభిప్రాయం కాస్త ఘాటుగా ఉంటే మన్నించగలరు.

మొట్టమొదట మీ వినతిపత్రం శీర్షిక మార్చండి. "మండలిని ఏర్పాటు చేయాలి" అని రాస్తే, సచివాలయంలో ఆ కాగితం చూసే సెక్షన్ అధికారి ఒక్క వాక్యంతో దానిని మూసేయగలడు. ఎందుకంటే తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చినప్పుడు దాని వెంట కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా నియమావళిలోనే ఇటువంటి మండలి ఉంది. సంక్షేమ మంత్రి అధ్యక్షతన, సంబంధిత శాఖల కార్యదర్శులు, ఈ రంగంలో పనిచేసేవారు, కొందరు వయోవృద్ధులు సభ్యులుగా రాష్ట్ర మండలి ఉండాలని, అది కనీసం ఆరు నెలలకు ఒకసారి కూర్చోవాలని అందులో రాశారు. దాని కిందే జిల్లా కమిటీ, అది మూడు నెలలకు ఒకసారి. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో వచ్చిన నియమాలకు ఆ నమూనాయే ఆధారం. అంటే మీరు అడుగుతున్నది కాగితం మీద కొత్తది కాదు. "ఇందుకు నిబంధనలలో ఇదివరకే వీలు కలదు" అని జవాబు వస్తే మీరు మళ్లీ మొదటికే వస్తారు.

కనుక వినతిపత్రం కంటే ముందు సమాచార హక్కు దరఖాస్తు ఒకటి వేయండి. దివ్యాంగులు, వయోవృద్ధులు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల సాధికారత శాఖ సంచాలకుల కార్యాలయంలోని ప్రజా సమాచార అధికారికి రాయండి. రాష్ట్ర మండలిని నియమించిన ఉత్తర్వు నకలు, ఇప్పటివరకు జరిగిన సమావేశాల తేదీలు, వాటి మినిట్స్, వాటిలో చేసిన సిఫారసులపై తీసుకున్న చర్యల నివేదిక, ఈ నాలుగింటినే అడగండి. అభిప్రాయాలు అడగకండి, "ఎందుకు చేయలేదు" అని అడగకండి, అటువంటి ప్రశ్నలకు సమాచారం కాదని తిప్పి పంపుతారు. నల్లగొండ కలెక్టరేట్‌లో జిల్లా సంక్షేమ అధికారికి కూడా జిల్లా కమిటీ గురించి ఇదే నమూనాలో ఇంకొకటి వేయండి. చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు. వచ్చిన జవాబు ఏదైనా, చివరికి "సమాచారం లభ్యం కాదు" అన్న జవాబైనా సరే, మీ వినతిపత్రానికి అదే మొదటి జత కాగితం అవుతుంది.

చట్టమా, జీవోనా అన్న ప్రశ్నకు వస్తాను. కేరళ శాసనసభ 2025 మార్చిలో వయోవృద్ధుల కమిషన్ బిల్లును ఆమోదించింది. దేశంలో ఇటువంటి చట్టబద్ధమైన కమిషన్‌కు అదే నాంది. దానిని చూసి మన దగ్గర కూడా కమిషనే కావాలని చాలామంది అంటున్నారు. నేను కాదనను. అయితే బిల్లు తయారై, న్యాయశాఖ చూసి, ఆర్థికశాఖ ఒప్పుకొని, సభలోకి వచ్చేసరికి మీ సంఘంలో ఈ రోజు సంతకం పెట్టినవారిలో ఎందరు మిగులుతారో మీరే లెక్క వేసుకోండి. మండలికి ఉత్తర్వు చాలు. కాకపోతే ఆ ఉత్తర్వు ఏ రకమో చూసుకోవాలి. జీవోలలో ఎంఎస్ అని, ఆర్‌టీ అని రెండు రకాలున్నాయి. విధానపరమైనవి, నిలకడగా ఉండవలసినవి ఎంఎస్ వరుసలో వస్తాయి. ఒకరిని నియమించడం, ఒక ప్రయాణానికి అనుమతి ఇవ్వడం వంటి రోజువారీ వ్యవహారాలు ఆర్‌టీ వరుసలో వెళ్తాయి. సభ్యుల పేర్లతో ఒక ఆర్‌టీ ఉత్తర్వు మాత్రమే ఇస్తే, ఆ సభ్యుల పదవీకాలం తీరగానే మండలి కూడా మాయమవుతుంది. కూర్పు, పదవీకాలం, కోరం, సమావేశాల గడువు, ఖర్చు పద్దు అన్నీ ఎంఎస్ ఉత్తర్వులో ఉండాలి, పేర్లు మాత్రమే విడిగా ఆర్‌టీలో రావాలి. ఈ మాట వినతిపత్రంలో స్పష్టంగా రాయండి. చదివే అధికారికి, రాసినవాళ్లకు ఆఫీసు పద్ధతి తెలుసునని అర్థమవుతుంది. దానివల్ల ఫైలు కొంచెం జాగ్రత్తగా కదులుతుంది.

ఇక అసలు విషయం అధికారాలు. సలహా మండలికి అధికారాలు ఏముంటాయి, సలహా ఇవ్వడమే కదా అని మీరు రాశారు. నేను చాలా ఏళ్ల కిందట హాజరైన ఒక జిల్లా స్థాయి సమావేశం సంగతి చెబుతాను, జిల్లా పేరు అవసరం లేదు. సమావేశ మందిరం రెండో అంతస్తులో ఉంది, ఆ రోజు లిఫ్ట్ పనిచేయలేదు. ఎనభై దాటిన ఒక సభ్యుడు మెట్ల మొదట్లో బెంచీ మీద కూర్చుని, తన కాగితాలను అటెండర్ చేతికిచ్చి పైకి పంపించారు. ఆయన రాసినది ఒకే అంశం: పోస్టాఫీసు దగ్గర పింఛను రోజున నీడ, కూర్చోవడానికి బల్లలు. పైన టీ, బిస్కెట్లు వచ్చాయి, ముగ్గురికి శాలువాలు కప్పారు, ఫొటో తీశారు. పది రోజుల తరువాత వచ్చిన మినిట్స్‌లో ఇలా ఉంది: "సభ్యులు పలు అంశములను ప్రస్తావించగా, తగు చర్యలు తీసుకొనబడునని తెలియజేయడమైనది." ఏ అంశాలో లేదు, ఎవరు తీసుకుంటారో లేదు, ఎప్పటిలోగానో లేదు. ఆ వాక్యాన్ని ఉద్యోగంలో ఉన్నప్పుడు నేనూ రాశాను, వేరే సమావేశాలకు రాశాను, అందువల్ల దాని విలువ నాకు బాగా తెలుసు.

కనుక మండలికి మీరు కోరవలసిన అధికారం ఒక్కటే, జవాబు రాబట్టుకునే అధికారం. సిఫారసు చేయడం ఎవరైనా చేయగలరు, మీరు కార్డు ముక్క రాసినా అది సిఫారసే. దానికి ప్రభుత్వం సమాధానం చెప్పి తీరాలన్న నిబంధన ఉన్నప్పుడే మండలికి మండలి లక్షణం వస్తుంది. వినతిపత్రంలో ఈ వాక్యాలను యథాతథంగా చేర్చుకోండి: "మండలి చేసిన ప్రతి సిఫారసును సంబంధిత శాఖ 60 రోజులలోగా ఆమోదించినదీ, మార్పులతో ఆమోదించినదీ, తిరస్కరించినదీ రాతపూర్వకంగా తెలియజేయవలెను. తిరస్కరించినచో కారణములు తెలుపవలెను. సిఫారసు, సమాధానము రెండునూ శాఖ వెబ్‌సైటులో తెలుగులో ఉంచవలెను. గడువులోగా సమాధానము రాని సిఫారసులు తరువాతి సమావేశపు మొదటి అంశముగా రావలెను." ప్రభుత్వం తిరస్కరించినా నష్టం లేదు. కారణం చెప్పి తిరస్కరిస్తే దానిమీద వాదించవచ్చు, పత్రికలవాళ్లు అడగవచ్చు, శాసనసభ్యుడు సభలో ప్రశ్న వేయవచ్చు. జవాబే రాని కాగితంతో ఇవేవీ చేయలేము.

దీనికి ముడిపడినది అధ్యక్ష స్థానం. వృద్ధుల శాఖ పేరు ఒకటే అయినా వృద్ధుల పని ఒక్క శాఖలో లేదు. పోషణ ట్రిబ్యునల్ రెవెన్యూ వారిది, ఆర్డీవో కూర్చుంటారు. పింఛను పంచాయతీరాజ్ కింద సెర్ప్ (గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ) ద్వారా నడుస్తుంది, జిల్లాలో డీఆర్‌డీవో (జిల్లా గ్రామీణాభివృద్ధి అధికారి) చూస్తారు. ఆసుపత్రి వైద్యశాఖది, ఒంటరి వృద్ధుల భద్రత పోలీసులది, బస్సు మెట్టు ఎత్తు ఆర్టీసీది, దానపత్రం రిజిస్ట్రేషన్లది. ఒక చిన్న శాఖ సంచాలకులు సమావేశానికి పిలిస్తే ఈ శాఖలన్నీ తమ కింది అధికారిని పంపుతాయి. ఆయన నోటుబుక్కు తెరిచి రాసుకొని, "పై అధికారుల దృష్టికి తీసుకెళ్తాను" అని చెప్పి వెళ్లిపోతాడు. అధ్యక్షుడిగా మంత్రి ఉండటం మంచిదే, కాకపోతే మంత్రికి తీరిక దొరకక సమావేశం వాయిదా పడుతుంది. అందువల్ల మంత్రి రాలేకపోతే ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి స్థాయి అధికారి అధ్యక్షత వహించాలని, సమావేశం వాయిదా పడకూడదని ఉత్తర్వులోనే ఉండాలి. సభ్య కార్యదర్శి సంచాలకులే ఉండనివ్వండి.

సభ్యుల విషయంలో మీ చిత్తుప్రతి చూశాను. రిటైర్డ్ ఉద్యోగుల సంఘాల నుంచి ఆరుగురు, వృద్ధాశ్రమాల నిర్వాహకులు నలుగురు, వైద్యులు ఇద్దరు, న్యాయవాది ఒకరు అని రాశారు. నేనూ రిటైర్డ్ ఉద్యోగినే కనుక నిర్మొహమాటంగా చెబుతాను. నాకు నెలనెలా బ్యాంకులో పింఛను పడుతుంది, ఆరోగ్య కార్డు ఉంది, వినతిపత్రం రాయడం వచ్చు. నావంటి వాళ్లతో మండలి నింపితే అది మొదటి ఏడాది కరువు భత్యం గురించి, రెండో ఏడాది మెడికల్ బిల్లుల గురించి మాట్లాడుతుంది. అవి న్యాయమైన కోరికలే, వాటికి వేరే వేదికలు ఉన్నాయి. నెలకు 2016 రూపాయల ఆసరా (ఇప్పుడు చేయూత అంటున్నారు) పింఛనుతో బతికే మనిషి మాట ఆ గదిలో వినబడకపోతే, మండలికి వృద్ధుల అవసరాలు తెలిసే దారి ఉండదు.

నేను సూచించే కూర్పు ఇది. ఉద్యోగ నియామకాల కోసం రాష్ట్రాన్ని ఏడు జోన్లుగా విభజించారు కదా, అదే విభజన వాడుకోండి, కొత్త తగవు ఉండదు. జోన్‌కు ఇద్దరు వయోవృద్ధులు చొప్పున పద్నాలుగు మంది. ఇద్దరిలో ఒకరు తప్పనిసరిగా స్త్రీ, ఒకరు తప్పనిసరిగా ఆసరా పింఛనుదారు. ఆ రెండూ ఒకే మనిషిలో ఉన్నా సరే. మన నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు జనగామతో కలిసి యాదాద్రి జోన్‌లో ఉన్నాయి. పాత మహబూబ్‌నగర్ నుంచి ఏర్పడిన ఐదు జిల్లాలు, అంటే మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, నారాయణపేట, జోగులాంబ జోన్ అయ్యాయి. ఈ ఎంపిక హైదరాబాద్‌లో కాకుండా జిల్లా కమిటీల ప్రతిపాదనల నుంచి జరగాలి. జిల్లా కమిటీ లేకుండా రాష్ట్ర మండలి వేస్తే కాళ్లు లేని మంచం అవుతుంది కనుక, ముందు జిల్లా కమిటీలు మూడు నెలలకోసారి కూర్చుంటున్నట్టు చూపమని అడగండి.

ప్రాంతం ముఖ్యమని ఎందుకంటున్నానో మన రెండు ప్రాంతాల సంగతే తీసుకుని చెబుతాను. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపు అరవై దాటినవారు బాల్యం నుంచి ఫ్లోరైడ్ బోరునీళ్లు తాగినవారు. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరణ జరిగి, తరువాత మిషన్ భగీరథ తాగునీటి పథకం కింద కృష్ణా నీళ్లు వచ్చాయి. పిల్లలకు ఆ బాధ తప్పింది, అది పెద్ద మేలు. కాని ఎముకల్లో చేరినది నీళ్లు మారితే పోదు. వెన్ను బిగుసుకుపోయిన ఒక పెద్దాయనను నేను మర్రిగూడ రోడ్డు మీద చాలాసార్లు చూశాను. బస్సు వస్తున్నదేమో చూడాలంటే ఆయన మెడ తిప్పలేడు, కర్ర ఊతంగా మొత్తం ఒళ్లంతా తిప్పి, నాలుగు చిన్న అడుగులు వేసి ఆ దిక్కుకు నిలబడతాడు. బస్సు ఆగాక పల్లెవెలుగు మొదటి మెట్టు ఆయన మోకాలికి పైన ఉంటుంది. కండక్టర్ దిగి చంకల కింద చేతులు వేసి ఎక్కిస్తాడు. కండక్టర్ మంచివాడు కనుక అది జరుగుతుంది. ఇటువంటివారికి దివ్యాంగుల పింఛనుకు 40 శాతం వైకల్యం ధ్రువీకరణ కావాలి. శిబిరానికి వెళ్లడమే వారికి గగనం, కనుక చాలామంది వృద్ధాప్య పింఛనుతోనే సరిపెట్టుకుంటారు. ఈ ప్రాంతం మనిషి ఒకరు మండలిలో ఉంటే, "ఫ్లోరోసిస్ బాధిత వృద్ధులకు ఇంటి దగ్గరే వైకల్య పరీక్ష" అన్న సిఫారసు మొదటి సమావేశంలోనే వస్తుంది. లేకపోతే ఎప్పటికీ రాదు, ఎందుకంటే హైదరాబాద్‌లో కూర్చున్నవారికి ఆ రోడ్డు కనిపించదు.

పాలమూరు, అంటే పాత మహబూబ్‌నగర్ వైపు బాధ మరో రకంగా ఉంటుంది. నారాయణపేట, కోస్గి, మద్దూరు పల్లెల నుంచి, మీ దేవరకొండ తండాల నుంచి కూడా, మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి పిలవగానే కొడుకూ కోడలూ బొంబాయికో పుణేకో హైదరాబాద్‌కో పోతారు. వలస మునుపటంత లేకపోయినా ఆగిపోలేదు. ఇంట్లో మిగిలేది ముసలి తల్లి, ఇద్దరు మనవళ్లు. మన సంక్షేమ పథకాల ఆలోచన అంతా వృద్ధులను ఎవరో ఒకరు పోషించాలన్న లెక్క మీద ఉంటుంది. ఈ ఊళ్లలో వృద్ధురాలే పోషకురాలు. కొడుకుపై ట్రిబ్యునల్‌లో కేసు వేయమంటే ఆమెకు నవ్వు వస్తుంది, వాడి దగ్గర ఉంటే కదా. ఆమెకు కావలసినవి వేరు: పిల్లలకు వలస కాలపు హాస్టల్, రాత్రి ఒంట్లో బాగాలేకపోతే పలికే మనిషి. ప్రతి పోలీసు స్టేషన్‌లో ఒంటరి వృద్ధుల జాబితా ఉండాలని, నెలకు ఒకసారైనా వెళ్లి చూసి రావాలని ఆ నమూనా నియమావళిలోనే ఉంది. ఆ జాబితా ఎన్ని స్టేషన్లలో ఉన్నదో లెక్క తెప్పించడం మండలికి తగిన పని.

వయస్సు గురించి ఒక మాట చెప్పాలి. పోషణ చట్టానికి 60 ఏళ్లు, ఆసరా వృద్ధాప్య పింఛనుకు 57, గీత కార్మికులకు, చేనేతవారికి 50, ఆయుష్మాన్ కింద అందరికీ ఆరోగ్య బీమాకు 70. ఇన్ని గీతలు ఉండటంలో తప్పు లేదు, తాటిచెట్టు ఎక్కే మనిషికి యాభై అంటే మనకు డెబ్భైతో సమానం. చిక్కు ఎక్కడంటే వయస్సుకు ఆధారం ఆధార్ కార్డు, ఆ కార్డుల్లో సగం ఊరు జనవరి 1న పుట్టినవాళ్లే. పుట్టిన తేదీ తెలియనివారికి నమోదు రోజున ఎవరో చూపు మేరకు ఒక సంవత్సరం వేశారు. అక్క వయస్సు తమ్ముడికంటే తక్కువ ఉన్న కార్డులు నా చేతుల మీదుగానే చాలా వెళ్లాయి. గ్రామసభలో వయస్సు నిర్ధారించి సరిచేసే తేలిక పద్ధతిని మండలి సూచించాలి. అలాగే ఒక ఇంటికి ఒకే వృద్ధాప్య పింఛను అన్న నిబంధన వల్ల ముసలి దంపతులలో ఒకరు రెండోవారి చేతి వైపు చూడవలసి వస్తున్నది. ఆసరాను 2014 నవంబరు 8న అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా కొత్తూరులోనే ప్రారంభించారు కనుక, దాని లోటుపాట్లు చెప్పే హక్కు మన పక్కవాళ్లకు కాస్త ఎక్కువే ఉన్నదనుకుంటాను.

పింఛను పంచే చోట కూడా కాసేపు నిలబడి చూడాలి. నాట్లు వేసి, కలుపు తీసి, రాళ్లు మోసిన చేతులకు వేలిముద్రలు అరిగిపోతాయి. ఒక అవ్వ తన బొటనవేలిని కొంగుతో తుడిచి, కొబ్బరినూనె రాసి, మళ్లీ తుడిచి యంత్రం మీద పెట్టింది. పడలేదు. పది వేళ్లూ వరసగా పెట్టించారు. చివరికి ఎడమ చేతి చిటికెన వేలు పడింది. ఆ వేలిని ఆమె కళ్లకద్దుకుంది. వేలు పడనివారికి గ్రామ కార్యదర్శి ధ్రువీకరణతోనో, మరో మార్గంలోనో అదే రోజు డబ్బు అందించాలన్న సిఫారసుకు పైసా ఖర్చు లేదు.

ఖర్చు లేని సిఫారసులతో మండలి పని మొదలుపెట్టడం తెలివైన పద్ధతి. వాటిలో అన్నిటికంటే విలువైనది దానపత్రానిది. 2007 పోషణ చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం, తన బాగోగులు చూడాలన్న షరతుతో ఆస్తి రాసిచ్చిన వృద్ధుడు, ఆ షరతు తప్పితే ఆ బదిలీని చెల్లనిదిగా ప్రకటించమని ట్రిబ్యునల్‌ను కోరవచ్చు. షరతు ఉన్నట్టు చెప్పి నిరూపించుకోవాలని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2025 జనవరిలో అదే కోర్టు, ఈ చట్టాన్ని వృద్ధులకు మేలు జరిగేలా ఉదారంగా చదవాలని, అవసరమైతే స్వాధీనం కూడా ఇప్పించవచ్చని చెప్పింది. చెప్పినా, షరతు రాతలో ఉన్నవాడి బలం వేరు. నా దగ్గరకు వచ్చిన ఒక రైతు మూడెకరాల పన్నెండు గుంటలు కొడుకు పేర పట్టా చేశాడు. పత్రంలో డాక్యుమెంటు రైటర్లు అందరూ రాసే "ప్రేమాభిమానములతో" అన్న మాట తప్ప మరేమీ లేదు. షరతు రాయించలేదేమని నేను అడిగితే ఆయన అన్నమాట ఇది: "బువ్వ పెట్టమని కాయితంల రాయాల్నా సారూ? కొడుకే గదా అనుకున్న." సయోధ్యకు చట్టం ఇచ్చిన నెల రోజుల్లో నేను కొడుకును ఒప్పించి నెలకు కొంత ఇచ్చేలా రాయించగలిగాను. భూమి మాత్రం తిరిగి రాలేదు.

అరవై దాటినవారు కుటుంబ సభ్యులకు చేసే ప్రతి దానపత్రం నమూనాలోనే, "గ్రహీత దాతకు జీవితాంతము భోజనము, వసతి, వైద్యము సమకూర్చవలెను; తప్పినచో ఈ దానము రద్దు చేయించుకొనుటకు దాతకు హక్కు కలదు" అన్న వాక్యం ముందే అచ్చై ఉండాలని, అది వద్దనుకునేవారే కొట్టివేసుకోవాలని మండలి సిఫారసు చేయాలి. వ్యవసాయ భూములకు తహసీల్దారు, మిగతావాటికి సబ్ రిజిస్ట్రారు ఆ వాక్యాన్ని దాతకు ఒంటరిగా, కొడుకు పక్కన లేకుండా చదివి వినిపించాలి. కొట్టివేస్తే కొట్టివేసిన చోట వేలిముద్ర తీసుకోవాలి. ఇది జరిగితే ట్రిబ్యునళ్లకు వచ్చే కేసుల స్వరూపమే మారుతుంది.

చట్టంలో "చేయవచ్చును" అన్న మాట ఎక్కడుందో, "చేయవలెను" అన్న మాట ఎక్కడుందో మీ సంఘంలో ఎవరైనా ఓపికగా గుర్తు పెట్టండి. జిల్లాకు ఒక వృద్ధాశ్రమం, కనీసం 150 మంది నిరుపేదలకు చోటు అన్న 19వ సెక్షన్‌లో ఉన్నది "వచ్చును". ప్రభుత్వ ఆసుపత్రిలో వేరు వరుస, వృద్ధుల కోసం ప్రత్యేక వసతులు అన్న 20వ సెక్షన్‌లో ఉన్నది "వలెను". రెండో దానికి సిఫారసు అక్కర్లేదు, లెక్క అడిగితే చాలు. జాతీయ వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం 2010-11లో మొదలైనప్పుడే జిల్లా ఆసుపత్రిలో పది పడకల వార్డు అనుకున్నారు. మన ఆసుపత్రులలో ఆ పది పడకల మీద ఈ రోజు ఎవరున్నారు, ఫిజియోథెరపిస్టు ఉన్నాడా, అని మండలి ప్రతి సమావేశంలో అడగాలి. ట్రిబ్యునళ్ల లెక్క కూడా అంతే: ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, చట్టం చెప్పిన 90 రోజులలో ఎన్ని తేలాయి, ఇచ్చిన ఉత్తర్వులలో డబ్బు నిజంగా చేతికి అందినవి ఎన్ని. ఈ మూడో అంకె ఇంతవరకు నన్ను ఏ పై అధికారీ అడగలేదు.

మండలికి అప్పగించకూడని పనులూ ఉన్నాయి. వ్యక్తిగత తగాదాలు దాని ముందుకు రాకూడదు. వస్తే మొదటి ఏడాదికే అది రెండో ట్రిబ్యునల్ అయి కూర్చుంటుంది. ట్రిబ్యునల్‌లో లాయరు అక్కర్లేదు, తెల్ల కాగితం మీద దరఖాస్తు చాలు, అత్యవసరమైతే 14567 నంబరు ఎల్డర్ లైన్ ఉంది. రైలు టికెట్ రాయితీ, నెలకు 10,000 రూపాయల పోషణ పరిమితి వంటివి కేంద్రం చేతిలోనివి. ఆ పరిమితి తీసేయడానికి 2019లో లోక్‌సభలో పెట్టిన సవరణ బిల్లు చట్టం కాలేదు. వాటిపై ఒక తీర్మానం చేసి పంపి, అక్కడితో ఆపాలి.

సభ్యుల సౌకర్యాల గురించి రాయడానికి మీరు మొహమాటపడ్డట్టున్నారు, మొహమాటం వద్దు. అమ్రాబాద్ నుంచి డెబ్భై ఏళ్ల స్త్రీ హైదరాబాద్ రావాలంటే ఒంటరిగా రాలేదు. ఆమెతోపాటు తోడు వచ్చే మనిషి చార్జీలు, ఇద్దరి భోజనం, ఆ రోజు కూలి నష్టం ఉత్తర్వులో ఉండాలి. లేకపోతే సొంత కారు ఉన్న సభ్యులే మిగులుతారు. అజెండా పదిహేను రోజుల ముందు తెలుగులో, పెద్ద అక్షరాలతో చేరాలి. చదవలేనివారికి ఊరి పంచాయతీ కార్యదర్శి చదివి వినిపించాలి. సమావేశం కింది అంతస్తులో జరగాలి. ఏడాదిలో ఒకటి హైదరాబాద్ బయట, ఏదో ఒక జోన్‌లో పెట్టాలి.

వినతిపత్రం మూడు పేజీలు దాటనీయకండి, సమాచార హక్కు జవాబులను జతపరచండి. ఒక ప్రతి సోమవారం ప్రజావాణిలో కలెక్టర్‌కు, ఒకటి శాఖ సంచాలకులకు, ఒకటి మీ శాసనసభ్యుడికి. సంచాలకుల కార్యాలయంలో ఇచ్చేటప్పుడు టపా సెక్షన్‌లో ఇన్‌వర్డ్ నంబరు, తేదీ మీ ప్రతి మీద వేయించుకోకుండా బయటికి రాకండి. "రేపు వేస్తాం, పెట్టి వెళ్లండి" అంటారు. అక్కడ సందర్శకులకు బెంచీ ఉంటుంది, కూర్చోండి.